డాబా మీద డిష్‌తో పాలపుంత చేతులు వెతుకుతున్నాం: ప్రాజెక్టు డైరీ

జూలై 6

విజయవాడలో మా పటమట డాబా మీద పడుకుని పాలపుంత చూడాలనుకోవడం అత్యాశ. బెంజి సర్కిల్ వైపు ఆకాశం రాత్రి రెండింటికి కూడా పల్చటి మజ్జిగలా తెల్లగా పాలిపోయి ఉంటుంది. బాగా వాన పడి వెలిసిన రోజున లెక్కపెడితే ముప్పై, నలభై చుక్కలు, అంతే. చిన్నప్పుడు అవనిగడ్డ దగ్గర అమ్మమ్మగారి ఊళ్ళో నులకమంచం మీద పడుకుని చూసిన ఆ తెల్లటి చారని మా మేనకోడలికి చూపిద్దామని రెండేళ్ళుగా అనుకుంటున్నాను, కుదరలేదు. అది ఇంటర్ మొదటి సంవత్సరం, దానికి ఊపిరాడేది ఆదివారం సాయంత్రం ఒక్కటే.

మొన్న అదే అడిగింది. "మావయ్యా, మనం గెలాక్సీ లోపలే ఉన్నాం కదా, అది చుట్టలు చుట్టుకుని చేతులు చాపినట్టు ఉంటుందని లోపల కూర్చుని ఎలా కనిపెట్టారు? బయటికెళ్ళి ఫొటో తీసినవాళ్ళు లేరుగా?" నేను ఇన్వర్టర్లు, యూపీఎస్‌లు బాగుచేసుకునే మనిషిని. రేడియోతో కనిపెట్టారని చెప్పగలిగాను కానీ, రేడియోతో ఎలా అనేసరికి నీళ్ళు నమిలాను. ఈ ప్రాజెక్టు అలా మొదలైంది.

చదివింది ఇంత. హైడ్రోజన్ పరమాణువులో ఒక ప్రోటాన్, ఒక ఎలక్ట్రాన్. రెండూ బొంగరాలనుకుంటే, రెండూ ఒకే వైపు తిరిగే స్థితిలో శక్తి కాస్త ఎక్కువ. ఎప్పుడో ఎలక్ట్రాన్ బోర్లా పడుతుంది, ఆ తేడా శక్తి 21 సెంటీమీటర్ల రేడియో అలగా బయటికొస్తుంది. ఫ్రీక్వెన్సీ 1420.4 మెగాహెర్ట్జ్. ఒక్కో పరమాణువు దాని వంతు వచ్చేదాకా సగటున కోటి ఏళ్ళకు పైగా ఆగుతుందట. అలాంటి సోమరి పరమాణువులు కూడా చేతుల్లో ఎన్ని పోగుపడ్డాయంటే, ఏ క్షణం చూసినా సంకేతం వస్తూనే ఉంటుంది. ఇలా రావాలని 1944లో నెదర్లాండ్స్‌లో వాన్ డి హుల్స్ట్ లెక్క వేశాడు, అప్పటికి వాళ్ళ దేశం జర్మన్ల చేతిలో ఉంది. 1951 మార్చి 25న హార్వర్డ్‌లో ఈవెన్, పర్సెల్ దాన్ని పట్టుకున్నారు. దుమ్ము, మబ్బు, వీధి లైట్లు, ఏవీ ఈ అలని ఆపవు. పటమటకి ఇంతకంటే ఏం కావాలి.

జూలై 13

డిష్ దొరికింది. మా సందు చివర పాత కేబుల్ ఆపరేటర్ ఒకాయన డాబా మీద ఎనిమిదడుగుల జాలీ డిష్ ఏళ్ళ తరబడి తలకిందులుగా పడి ఉంది, కింద పావురాలు కాపురం పెట్టాయి. పాత ఇనుముకి వేసేద్దామనుకుంటున్నాడు. "నీకెందుకయ్యా, ఇప్పుడు ఛానెళ్ళన్నీ ఫైబర్‌లో వస్తుంటే" అన్నాడు. తూకం రేటుకే ఇచ్చాడు, ట్రాలీ ఆటోకి మాత్రం వేరే అయింది. మెట్ల మలుపులో పట్టక, పక్కింటి వాళ్ళ పిట్టగోడ మీంచి తాళ్ళతో పైకి లాగాం.

జాలీ కన్నాల్లోంచి అల జారిపోదా అని మేనకోడలి అనుమానం. అల పొడవు 21 సెంటీమీటర్లు, కన్నం అర సెంటీమీటరు కూడా లేదు, ఆ అలకి అది గట్టి గోడే. పుణె దగ్గర ఖోడద్‌లో ఉన్న జీఎంఆర్‌టీ అనే పెద్ద రేడియో టెలిస్కోపు డిష్‌లు కూడా తీగ జాలీవే. ఒక్కోటి 45 మీటర్లు, అలాంటివి 30. వాటిని కట్టించిన గోవింద్ స్వరూప్ అంతకుముందు ఊటీలో 530 మీటర్ల పొడవున్న టెలిస్కోపుని 11 డిగ్రీల వాలున్న కొండ వెతికి మరీ దాని మీద పెట్టించారు. ఆ వాలు ఆ చోటి అక్షాంశంతో సరిపోతుంది కాబట్టి, ఒక్క ఇరుసు తిప్పితే చాలు, ఆకాశం వెంట పోతుంది. డబ్బు తక్కువైనప్పుడు బుర్ర వాడటం అంటే అది.

డిష్ అంచు నుంచి అంచుకి దారం లాగి కట్టి, మధ్యలో లోతు కొలిచాం, 40 సెంటీమీటర్లు. వ్యాసం 244. వ్యాసాన్ని దానితోనే హెచ్చించి, లోతుకి పదహారు రెట్లతో భాగిస్తే 93 సెంటీమీటర్లు. అలలన్నీ వచ్చి కలిసేది డిష్ అడుగు నుంచి అంత ఎత్తులో.

జూలై 20

అలలు కలిసే ఆ చోట వాటిని పట్టడానికి పెట్టాల్సిన డబ్బా కోసం వన్‌టౌన్‌లో స్టీలు సామాన్ల కొట్టుకి టేపు పట్టుకుని వెళ్ళాను. వ్యాసం పన్నెండున్నర సెంటీమీటర్ల కన్నా తక్కువైతే ఈ అల డబ్బాలోకి దూరనే దూరదు, పదహారు దాటితే వద్దన్న తీరు అల కూడా దూరి గందరగోళం చేస్తుంది. నాకు కావాల్సింది పదిహేనున్నర, ఎత్తు పాతిక పైన. కొట్టాయన ఒక్కో డబ్బా దించడం, నేను మూత తీసి లోపల టేపు పెట్టడం, ఇలా పదో పన్నెండో అయ్యాక ఉండబట్టలేక అడిగాడు.

"ఇంతకీ ఏం పోస్తారండీ ఇందులో?"

"హైడ్రోజన్ అండీ."

"గ్యాసైతే ఆగదండీ, ఈ మూతలు అంత టైటు కావు."

ఇంటికొచ్చి మూసి ఉన్న అడుగు నుంచి 8.8 సెంటీమీటర్ల దగ్గర చిల్లు వేసి, కనెక్టరు బిగించి, లోపలికి ఐదు సెంటీమీటర్ల రాగి తీగ నిలబెట్టాను. స్టీలు మీద టంకం అంటుకోదు కాబట్టి స్క్రూలే గతి. బయట ఆ కనెక్టరుకే ఆనించి ఎల్‌ఎన్‌ఏ, అంటే అతి సన్నటి సంకేతాన్ని పెద్దది చేసే ఆంప్లిఫయరు, 1420కి అటూ ఇటూ కోసేసే ఫిల్టరుతో సహా ఉన్నది. అక్కడి నుంచి కేబులు కిందికి, లాప్‌టాప్‌కి గుచ్చిన ఆర్‌టీఎల్ డాంగిల్‌కి, అంటే రేడియో సంకేతాన్ని కంప్యూటరుకి అందించే బుల్లి రిసీవరుకి. ఖర్చంతా ఈ రెండింటికే. డిష్, డబ్బా కలిపినా ఆ ఆంప్లిఫయరు ధరలో సగం కాలేదు.

ఆటోనగర్‌లో వెల్డింగ్ చేయించిన స్టాండు ఉత్తర దక్షిణాలకి మాత్రమే వంగుతుంది. తూర్పు పడమరలు భూమే తిప్పుతుంది, దానికి మోటారు నేనెందుకు కొనాలి.

ఆగస్టు 6

ఆగస్టు మొదటి వారంలో ఒక రోజు మధ్యాహ్నం పన్నెండుంబావు ప్రాంతంలో సూర్యుడు విజయవాడకి నడినెత్తిన వస్తాడు, నిలబెట్టిన కర్రకి నీడ పడదు. మే మొదటి వారంలోనూ అంతే. ఇవాళ డిష్‌ని రసమట్టం పెట్టి సరిగ్గా పైకి చూసేలా వెల్లకిలా పెట్టి కూర్చున్నాం. మబ్బు కమ్మేసింది, సూర్యుడు ఎక్కడున్నాడో కంటికి తెలియదు. అయినా పన్నెండు కొట్టే సమయానికి గ్రాఫులో గీత లేవడం మొదలై, పన్నెండుంబావుకి శిఖరం చేరి, మళ్ళీ మెల్లగా దిగింది. మొత్తం అర గంట లోపు. డిష్ చూపు వెడల్పు ఆరు డిగ్రీలని లెక్క వేసుకున్నాం, ఆకాశం గంటకి 15 డిగ్రీలు జరుగుతుంది, అంటే సుమారు 25 నిమిషాలు. సరిపోయింది. అమ్మ మెట్ల మీంచి "ఒరేయ్, మబ్బులో సూర్యుణ్ణి చూడ్డానికి ఇంత ఇనుమా" అంది. అవును మరి.

ఆగస్టు 19

పట్టేశాం అని అరిచి, నాలుగు రోజులు గొప్పలు పోయి, చివరికి పరువు పోగొట్టుకున్న కథ ఇది. దాచకుండా రాస్తున్నాను.

నడినెత్తిన ఉన్న డిష్‌ని అలాగే వదిలేస్తే రోజూ రాత్రి పాలపుంత దాని చూపులోంచి దాటాలి, ఈ రోజుల్లో అయితే తొమ్మిదిన్నర ప్రాంతంలో. 14వ తేదీ రాత్రి ఏడు నుంచి పది దాకా గీత చక్కగా లేచి ఉంది. 15న కూడా. 16న ఆదివారం కాకపోయినా మేనకోడలు ఫోన్ చేసి మరీ అడిగింది. 17న దానికే అనుమానం వచ్చింది: "మావయ్యా, నక్షత్రాలు రోజూ నాలుగు నిమిషాలు ముందుగా రావాలి కదా, మరి మీది రోజూ సరిగ్గా ఏడింటికే ఎందుకొస్తోంది?"

ఏడింటికి వచ్చేది సీరియల్. డీటీహెచ్ డిష్ నుంచి టీవీకి దిగే కేబుల్లో సంకేతం 950 నుంచి 2150 మెగాహెర్ట్జ్ మధ్య నడుస్తుంది, మన 1420 సరిగ్గా ఆ నడుమ ఉంది. మా కేబులు డాబా మీద నా స్టాండు పక్కనుంచే వెళ్తోంది, దాని కనెక్టరు నేనే ఆరేళ్ళ క్రితం చేత్తో మెలిపెట్టి వదిలేశాను. ప్రపంచమంతా 1400 నుంచి 1427 దాకా ఎవరూ ప్రసారం చేయకూడదని ఖగోళం కోసం ఖాళీగా వదిలేస్తే, మా అమ్మ సీరియల్ దాంట్లోకి కారుతోంది. కనెక్టరు మార్చి, కేబులు అవతలి గోడకి జరిపాక ఆ గీత పడిపోయింది.

అసలు తప్పు నాదే. మొత్తం బలం ఎంత అని ఒక్క గీత గీసుకుని మురిశాను కానీ, ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత అని విడదీసి చూడలేదు. చూసి ఉంటే మట్టమంతా ఒకేలా లేచిందని, గుట్ట ఎక్కడా లేదని మొదటి రాత్రే తెలిసేది.

వినాయక చవితి మర్నాడు

ఈసారి నిజం.

పద్ధతి మార్చాం. పాలపుంత చూపులో లేనప్పుడు పది నిమిషాల కొలత, ఉన్నప్పుడు పది నిమిషాల కొలత, రెండోదాన్ని మొదటిదాంతో భాగించడం. అలా చేస్తే డాంగిల్ సొంత వంకరలన్నీ కొట్టుకుపోతాయి. రాత్రి తొమ్మిది దాటాక 1420.4కి కాస్త ఎడమగా చిన్న గుట్ట లేచింది. మొదట గోరంత. అరగంటలో అది వెడల్పై, రెండు మూపురాలుగా విడిపోయి, పదిన్నరకి మెల్లగా అణిగింది. నిన్నటి కంటే నాలుగు నిమిషాల ముందు వస్తుందా అని ఇవాళ మళ్ళీ కూర్చున్నాం. వచ్చింది. నాలుగు నిమిషాల ముందు.

అమ్మని పిలిచి చూపించాం. హాల్లో పాలవెల్లి ఇంకా విప్పలేదు, వెలక్కాయలు, బత్తాయిలు, మొక్కజొన్న పొత్తులు వేలాడుతున్నాయి. "పాలవెల్లి అంటే పాలపుంతేగా, ఇంట్లో కట్టుకున్నది చాలక దాన్ని కూడా దించుకొచ్చారా" అని నవ్వేసి వెళ్ళింది. లాప్‌టాప్‌లో ఆ బుల్లి గుట్టకి అంతకంటే మర్యాద ఎవరూ చెయ్యలేరు.

ఇక ఆ మూపురాలేమిటి? మన నుంచి దూరంగా పోయే వాయువు ఫ్రీక్వెన్సీ తగ్గుతుంది, దగ్గరికొచ్చేదైతే పెరుగుతుంది, రైలు కూత మన ముందుకొచ్చి దాటిపోయినట్టు. సెకనుకి ఒక కిలోమీటరుకి 4.7 కిలోహెర్ట్జ్ తేడా. కాబట్టి గ్రాఫు అడుగున ఉన్న ఫ్రీక్వెన్సీని వేగంగా మార్చి చదువుకోవచ్చు. మా నడినెత్తిన దాటే చోటు పాలపుంత కేంద్రం నుంచి సుమారు 50 డిగ్రీల పక్కకి ఉంటుంది. శ్రవణా నక్షత్రానికి కొంచెం పైన. అక్కడ చూపు సరిగ్గా ధనుస్సు చేతిని అంచు వెంట ఒరుసుకుంటూ పోతుందట. రోడ్డు పక్కన నిలబడి కాకుండా, రోడ్డు మొదట్లో నిలబడి నిలువునా చూసినట్టు. అందుకే అంత వాయువు ఒకే చూపులో పడింది. విజయవాడ అక్షాంశం మనకి ఉచితంగా ఇచ్చిన వరం ఇది, డిష్‌ని పళ్ళెంలా వెల్లకిలా వదిలేస్తే చాలు.

సెప్టెంబరు 11

వాన. డబ్బా నోరు ఆకాశం వైపు లేదు, డిష్ వైపు కిందికి తిరిగి ఉంది కదా, నీళ్ళు పడవు అనుకున్నాను. కనెక్టరు చిల్లు పైన ఉన్న సంగతి మరిచాను. పొద్దున విప్పితే లోపలంతా నీళ్ళు కారిన తడి, ఎల్‌ఎన్‌ఏ పెట్టె తడిసి కరెంటు లాగడం మానేసింది. హెయిర్ డ్రయర్‌తో ఆరబెడితే అదృష్టం బాగుండి బతికింది. ఇప్పుడు చిల్లు చుట్టూ సిలికాన్, నోటికి థర్మోకోల్ మూత (రేడియో అలకి థర్మోకోల్ ఉన్నట్టే తెలియదు), పెట్టె మీద పాత హార్లిక్స్ సీసా సగానికి కోసి బోర్లించాను. 1951లో ఈవెన్ కొమ్ము యాంటెన్నా కిటికీలోంచి బయటికి పెట్టినప్పుడు వానకి అది గరాటులా పనిచేసి ల్యాబంతా నీళ్ళయిందని, కుర్రాళ్ళు దాంట్లోకి మంచు ముద్దలు విసిరేవారని చెబుతారు. చదివాక కొంచెం ఊరట.

మూలా నక్షత్రం రోజు

దసరా సెలవులు, మేనకోడలు వారం రోజులు ఇక్కడే. సాయంత్రం ఆరు, ఏడున్నర మధ్య పాలపుంత లోపలి భాగం దక్షిణం నుంచి పైకి వస్తోంది, కాబట్టి రోజుకో వంపు పెట్టి నాలుగు రోజుల్లో నాలుగు చోట్లు కొలిచాం. కేంద్రం నుంచి 30, 40, 50, 60 డిగ్రీలు.

లెక్క అందమైనది, నాకు అర్థం కావడానికి రెండు రోజులు పట్టిందనుకోండి. కేంద్రానికి కొంచెం పక్కగా చూస్తే, ఆ చూపు గీత మీద ఒకే ఒక్క చోట వాయువు సూటిగా మన నుంచి అవతలికి పరుగెడుతుంటుంది, గీత కేంద్రానికి అన్నిటికంటే దగ్గరగా పోయే చోట. అన్నిటికంటే ఎక్కువ వేగం అక్కడిదే. అంటే గుట్ట అంచు ఎక్కడ తెగుతుందో చూస్తే ఆ వేగం తెలుస్తుంది, ఆ చోటు కేంద్రానికెంత దూరమో కోణమే చెప్పేస్తుంది. దానికి సూర్యుడి సొంత వేగంలో మన వాటా కలపాలి (సూర్యుడు సెకనుకి 220 కిలోమీటర్లు అని తీసుకున్నాం, కేంద్రం నుంచి సుమారు 26 వేల కాంతి సంవత్సరాల దూరంలో). మాకొచ్చినవి 30 డిగ్రీల దగ్గర 106, 40 దగ్గర 84, 50 దగ్గర 57, 60 దగ్గర 34. వాటా కలిపితే 216, 225, 226, 225.

మేనకోడలు కాగితం మీద చుక్కలు పెట్టి స్కేలు ఆనించింది. దాదాపు అడ్డంగా చదును.

గ్రహాలైతే అలా కాదు. బుధుడు సెకనుకి 47 కిలోమీటర్లు పోతే నెప్ట్యూన్ ఐదున్నర కూడా పోదు. బరువంతా నడిమధ్యన ఉంటే బయటివాళ్ళు నెమ్మదించాలి. ఇక్కడ నెమ్మదించలేదు. 1970లో వీరా రూబిన్, కెంట్ ఫోర్డ్ ఆండ్రోమెడా గెలాక్సీలో ఇదే చదును గీత చూశారు, కనపడని పదార్థం ఉండాలన్న మాట గట్టిపడింది అలాంటి గీతల వల్లే. మా నాలుగు చుక్కలు సూర్యుడికి లోపలివే కాబట్టి వాటితో కృష్ణ పదార్థం రుజువు చేశామని చెప్పుకోను. చదునుగా వచ్చింది, అంతే చెబుతాను.

కానీ ఇక్కడే దానికి అసలు సందేహం వచ్చింది. అన్నీ ఒకే వేగంతో పోతుంటే లోపలి వాటి చుట్టు చిన్నది కదా, అవి త్వరగా తిరిగొస్తాయి. సూర్యుడు పుట్టి 460 కోట్ల ఏళ్ళు, ఒక చుట్టుకి 23 కోట్ల ఏళ్ళు, అంటే ఇరవై చుట్లు అయిపోయాయి. చేతులు నక్షత్రాలతో కట్టిన గట్టి వస్తువులైతే ఈపాటికి జిలేబీలా చుట్టుకుపోయి ఖాళీ లేకుండా పోవాలి. పోలేదే?

నేను స్వీడన్ ఖగోళ శాస్త్రవేత్త లిండ్‌బ్లాడ్ పేరు, 1964లో లిన్, షూ ఇచ్చిన సాంద్రతా తరంగం అన్న మాట చదివి ఉన్నాను కానీ చెప్పడం రాలేదు. ఇవాళ ఇంద్రకీలాద్రి మీద సరస్వతీ అలంకారం, పొద్దున మూడింటికే క్యూలో నిలబడి వచ్చింది అది. వినాయకుడి గుడి దగ్గర మొదలైన లైను మలుపుల్లో కిక్కిరిసి, తిన్నగా ఉన్న చోట పల్చబడుతుందట. "ఆ మలుపు దగ్గర గుంపు పొద్దున నుంచీ అలాగే ఉంది మావయ్యా, కానీ పొద్దున ఉన్నవాళ్ళు ఇప్పుడు లేరుగా. చేయి అంటే ఆ గుంపా?"

అదే. చేయి ఒక చోటు, మనుషులు కాదు. నక్షత్రాలు, వాయువు దాంట్లోకి వస్తాయి, ఆ ఇరుకులో కాస్త నెమ్మదిస్తాయి, దాటి వెళ్ళిపోతాయి. వాయువు మాత్రం అక్కడ ఒరుసుకుని నలిగి మేఘాలై కొత్త నక్షత్రాలు పుడతాయి. వాటిలో బాగా బరువైనవి నీలంగా, విపరీతమైన వెలుగుతో మండి, కోటి ఏళ్ళ లోపో కాస్త అటూ ఇటూగానో పేలిపోతాయి. చేయి దాటేంత ఆయుష్షు వాటికి లేదు, పుట్టిన చోటే పోతాయి. అందుకే ఫొటోల్లో చేతులు నీలంగా మెరుస్తాయి. ఆర్ద్రా నక్షత్రం వయసు సుమారు కోటి ఏళ్ళే, అప్పుడే ముసలిదైపోయింది. మన సూర్యుడి లాంటి పాతకాపులు చేతుల్లోనూ ఉంటాయి, చేతుల మధ్య ఖాళీ అనుకునే చోటా దాదాపు అన్నే ఉంటాయి, వెలుగు తక్కువ కాబట్టి ఖాళీలా అనిపిస్తుంది.

క్యూ పోలికలో ఒక లోటుని కూడా మేనకోడలే పట్టుకుంది, కొండ మీద మలుపు కదలదు, గెలాక్సీలో చేయి కూడా తిరుగుతుంది కదా అని. తిరుగుతుంది, లోపలి నక్షత్రాలంత జోరుగా కాదు. ఆ చేతులు కోట్ల ఏళ్ళు అలాగే నిలుస్తాయా, లేక పుట్టి చెదిరి మళ్ళీ పుడుతుంటాయా అన్న దాని మీద పెద్దవాళ్ళు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. అన్ని గెలాక్సీలకీ ఒకే జవాబు ఉండకపోవచ్చు. 1845లో లార్డ్ రాస్ మొదటిసారి మెలి చూసిన ఎం51 అనే గెలాక్సీలో రెండే చేతులు స్పష్టంగా గీసినట్టుంటాయి. కొన్నిటిలో దూది పీకి పెట్టినట్టు ముక్కలు ముక్కలుగా ఉంటాయి.

రాసేటప్పుడు గుర్తొచ్చింది, ఆకాశంలో మూల కూడా ఆ దిక్కునే. వృశ్చికం తోక చివరిది మూల, అక్కడి నుంచి ఎనిమిది డిగ్రీలు జరిగితే పాలపుంత కేంద్రం.

అక్టోబరు 16

టెన్షన్ పెట్టిన వారం. డిష్‌ని మళ్ళీ నడినెత్తికి పెట్టి తీసిన గ్రాఫుని ఆగస్టు చివరి గ్రాఫు మీద పెడితే గుట్ట మొత్తం సుమారు 40 కిలోహెర్ట్జ్ కిందికి జరిగి ఉంది. డాంగిల్ వేడికి జారిందనుకుని, దాన్ని అల్యూమినియం పెట్టెలో పెట్టి, చిన్న ఫ్యాను బిగించి మూడు రోజులు తంటాలు పడ్డాను. డాంగిల్ తప్పేమీ లేదు. జరిగింది భూమి. సూర్యుడి చుట్టూ సెకనుకి 30 కిలోమీటర్లతో తిరుగుతున్నాం కదా, ఆగస్టులో ఆ దిక్కు నుంచి కొంచెంగా దూరమయ్యేవాళ్ళం, అక్టోబరు నడిమికి బాగా దూరమవుతున్నాం. తేడా సెకనుకి సుమారు 9 కిలోమీటర్లు, 40 కిలోహెర్ట్జ్ అంటే దాదాపు అంతే.

కుర్చీలో కూర్చుని టీ తాగుతూ భూమి సూర్యుణ్ణి చుట్టడం కొలిచేశాం, అది కూడా తప్పు అనుకుని. ఇప్పుడు ప్రతి గ్రాఫుకీ తేదీ, గంట వేసి ఆ వాటా తీసేస్తున్నాం. పాత గ్రాఫులన్నీ మళ్ళీ చెయ్యాల్సి వచ్చింది. దసరా నాడు పైన రాసినవి ఈ దిద్దుబాటు తర్వాత మార్చి రాసిన అంకెలే.

నవంబరు 14

వెలుపలి చేయి. రాత్రి పదకొండుకి ఉత్తరాన 45 డిగ్రీల ఎత్తులో, శర్మిష్ఠ అని మన పాత పుస్తకాల్లో రాసే కాసియోపియా పక్కన, డబ్ల్యూ3 అనే నక్షత్రాలు పుట్టే మేఘం ఉన్న వైపు తిప్పాం. ఇన్ని నెలల్లో ఇంత స్పష్టమైన గ్రాఫు రాలేదు. సున్నా దగ్గర ఒక శిఖరం, అది మన సొంత ఓరియన్ చేయి, మన చుట్టుపక్కల వాయువు. తర్వాత లోయ. మైనస్ 45 దగ్గర, అంటే సెకనుకి 45 కిలోమీటర్లతో మన వైపు వచ్చే చోట, ఇంకో శిఖరం, పర్షియస్ చేయి. రెండు చేతులు, మధ్యలో సందు. మేనకోడలికి వీడియో కాల్ చేసి చూపించాను, కాలేజీ హాస్టల్లో అందరూ పడుకున్నారట, గుసగుసగా "మావయ్యా, సందు, సందు" అంటోంది.

ఆదివారం దూరం కట్టాం. అన్నీ గుండ్రంగా 220తో తిరుగుతున్నాయనుకుంటే మైనస్ 45 రావడానికి ఆ వాయువు 13 వేల కాంతి సంవత్సరాల దూరంలో ఉండాలి. సరిచూద్దామని వెతికితే గుండె జారింది. డబ్ల్యూ3 దూరం సుమారు 6,400 కాంతి సంవత్సరాలు. మాది రెట్టింపు పైన. మూడు సార్లు లెక్క తిరగేశాం, తప్పు దొరకలేదు.

దొరకదు కూడా. మా లెక్కే కాదు, అందరి లెక్కా అక్కడ అలాగే వచ్చేదట. 2006లో అమెరికాలోని పది రేడియో డిష్‌ల వీఎల్‌బీఏతో ఆ మేఘంలోని మేసర్ చుక్కలు (రేడియో అలల్లో లేజర్‌లా మెరిసే బిందువులు) ఏడాది పొడవునా భూమి అటు ఇటు జరిగేకొద్దీ ఎంత జరుగుతాయో కొలిచారు. ఒక డిగ్రీని 36 లక్షల ముక్కలు చేస్తే అందులో సగం ముక్క. దాన్నుంచి తేలింది 6,400. అక్కడి వాయువు మనం అనుకున్నట్టు నికార్సుగా గుండ్రంగా తిరగడం లేదు, సెకనుకి 20 కిలోమీటర్ల పైచిలుకు దారి తప్పి నడుస్తోంది. ఎందుకంటే అది చేతిలో ఉంది. మలుపు దగ్గర గుంపులో తోపులాట ఉన్నట్టే, చేతి బరువు దాన్ని లాగుతోంది. అంటే ఏ చేతి దూరం కొలుద్దామనుకున్నామో ఆ చేయే మా లెక్కని చెడగొట్టింది.

1958లో ఊర్ట్, కెర్, వెస్టర్‌హౌట్ నెదర్లాండ్స్, సిడ్నీ కొలతలు కలిపి గీసిన మొదటి పూర్తి పటం కూడా వేగాన్ని దూరంగా మార్చే ఈ పద్ధతితోనే గీశారు. చేతులు ఉన్నాయని నిక్కచ్చిగా చెప్పింది ఆ పటం. ఏ చేయి ఎక్కడ అన్న దగ్గర అంత నమ్మడానికి లేదు.

డిసెంబరు 20

చివరి కొలత ఒకటి మిగిలింది. కేంద్రానికి సరిగ్గా వీపు వైపు, ఓరియన్‌కి పైన, అర్ధరాత్రి నడినెత్తికి కాస్త ఉత్తరంగా. అటు చూస్తే అన్ని చేతుల్లోని వాయువూ మన చూపుకి అడ్డంగా పోతుంటుంది, దగ్గరికీ రాదు, దూరమూ పోదు. కాబట్టి ఎన్ని చేతులున్నా అన్నీ ఒకదాని మీద ఒకటి పడి సున్నా దగ్గర ఒకే శిఖరం రావాలి. చలికి మంకీ క్యాప్ పెట్టుకుని కూర్చుంటే అలాగే వచ్చింది. సన్నగా, నిటారుగా, ఒక్కటే. దాని వెనక పర్షియస్ చేయి ఉందని తెలుసు, గ్రాఫు చూసి మాత్రం చెప్పలేం.

అమ్మ గుమ్మడికాయ తెప్పించింది, వడియాలకి డాబా ఖాళీ చెయ్యమంటోంది. డిష్ ఉన్న మూలే ఎండ బాగా పడే చోటు. సంక్రాంతి దాకా దాన్ని ఉత్తరపు గోడకి జరుపుతున్నాం.

మేనకోడలు డ్రాయింగు షీటు మీద పట్టిక గీసింది. దిక్కు, తేదీ, వేగం, ఏ చేయి, ఎంత దూరం. పర్షియస్ గళ్ళో 13 వేలని పెన్నుతో రాసి, దాని మీద ఒక్క అడ్డగీత కొట్టి, పక్కన 6,400 అని రాసి, "ఇది మనది కాదు" అని బ్రాకెట్లో పెట్టింది. మిగతా దూరాల గళ్ళు ఖాళీగానే ఉంచింది. వేగాల గళ్ళు అన్నీ నిండాయి.